పట్టకు పడిన బ్రేకు

నేను కారు నేర్చుకున్నది నలభై దాటాక. సహజంగానే భయస్తుణ్ణి. నంద్యాలలో ఇల్లు, ఆళ్లగడ్డలో బడి. రోజూ పోయి వచ్చే దారే అయినా స్టీరింగ్ పట్టుకుంటే అరచేతులకు చెమటలు పట్టేవి. అందుకే, ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే తనంతట తానే బ్రేకు వేసుకునే కారు ఏరికోరి కొన్నాను. "మీ కాలు మరిచినా ఇది మరవదు సార్" అన్నాడు అమ్మినతను. ఆ మాటకే పడిపోయాను. రేపు మనిషే అక్కర్లేని కార్లు వస్తాయనీ, తాగని, కునుకు తీయని డ్రైవరు చేతిలో ప్రాణం పెట్టడమే మేలనీ స్టాఫ్ రూములో నెల రోజులు వాదించాను. ఆ వాదన పూర్తిగా తప్పని ఇప్పటికీ అనలేను. అదే నా బాధ.

పంట చేతికొచ్చే రోజుల్లో శిరివెళ్ల దగ్గర రోడ్డు సగం కళ్లమే. మొక్కజొన్నలు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి, రాశుల మీద టార్పాలిన్ పట్టలు కప్పుతారు. గాలికి లేచిన పట్టను చూసి మావైపు డ్రైవర్లెవరూ బెదరరు. ఆరోజు బడి ఒంటిపూట. మధ్యాహ్నం ఇంటికి వస్తున్నాను. పైన పెట్టిన రాయి జారి ఒక నీలం పట్ట మనిషెత్తున లేచి కారు ముందు నిలబడింది. పట్టేనని నాకు తెలిసింది. కాలు కదపలేదు. కారు మాత్రం ఉన్నచోటనే ఆగిపోయింది. వెనక నుంచి పెద్ద చప్పుడు.

వెనక బైకు మీద వస్తున్నది ఆళ్లగడ్డలో కరెంటు పనులు చేసుకునే ముప్పై ఏళ్ల మనిషి. ఆస్పత్రికి చేరకముందే పోయాడు.

"నేను వేయలేదు, కారే బ్రేకు వేసింది" అని స్టేషన్లో చెప్పాను. రాసుకుంటున్న పోలీసు కలం ఆపి నన్ను చూశాడు.

"స్టీరింగు ముందర కూచున్నేది ఎవరు సార్?"

నేనే బ్రేకు వేశానని రాసుకున్నాడు. అయినా కనిపించిన ప్రతివాడికీ నేను వేయలేదనే చెప్పాను. చెప్పిన కొద్దీ నా మీద నాకే అసహ్యం వేసింది. పట్టకూ మనిషికీ తేడా తెలిసినవాణ్ణి ఆ కారులో నేనొక్కణ్ణే. ఆ తెలివిని పక్కన పెట్టడానికే కదా ఆ కారు కొన్నాను.

వారానికి వాళ్లింటికి పోయాను. ఉన్నదున్నట్టు చెప్పాలనే పోయాను. ప్రార్థన ముగిసి జనం వెళ్లిపోతున్నారు. చనిపోయినతని తల్లి చాప మీద ఒక్కతే కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వేనా అప్పా, ఆ సారువి? కూచో" అంది. "మొక్కజొన్నలు ఊడ్చేటోళ్ల పిల్ల అడ్డమొచ్చిందంట గదా. అందరూ అంటాండారు. లేకుంటే నువ్వు ఊరికే ఎందుకు ఆపుతావు?"

లేని ఆ పిల్లను ఎవరు పుట్టించారో తెలియదు. మనిషన్నవాడు ఊరికే ఆగడని ఊరంతా నమ్మినట్టుంది.

"ఆ పిల్లకు ఏం కాలేదు గదా?"

పట్ట మాట నాలుక చివర దాకా వచ్చింది. ఆమె ముఖం చూశాక బయటికి రాలేదు.

"ఏం కాలేదమ్మా. బాగుంది."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పోనీలే. నా కొడుకు పోయినా ఒక పాణం నిలబడింది. ఆ ప్రభువే నీ కాలితో ఆపించినాడు." నా చెయ్యి పట్టుకుంది. "ఒకసారి ఆ పిల్లను ఈడికి తోడుకోని రాప్పా. కండ్లారా చూసుకుంటా."

"తీసుకొస్తానమ్మా" అన్నాను.