మునెమ్మ పాలు, నా గ్రాఫు

చౌడేపల్లె దగ్గర మా ఊరి పాలకేంద్రానికి, రోజూ ఎవరి పాలలో వెన్న ఎంతుందో గీతగా చూపే స్క్రీన్ నేనే చేసిచ్చాను. వారం తిరగకముందే ఒక ఉదయం, క్యూలో అందరి ముందూ సెక్రటరీ మునెమ్మను నిలదీశాడు.

"గీత సూడు, నేలకు పడింది. నీళ్ళు కలిపినావు."

"నా బిడ్డకు తాపే పాలే ఈడ పోస్తాండాను. నీళ్ళు యాల కలుపుతానప్పా?" అంది ఆమె.

నాకు తల కొట్టేసినట్టయింది. అంకెలు చూశాను. వెన్న నిన్న 4.2 శాతం, ఈరోజు 4.1. అంతే! సున్నా నుంచి మొదలుపెట్టమని నేను రాసినా, నేను వాడిన గ్రాఫ్ లైబ్రరీ, అంటే గీతలు గీయడానికి వేరేవాళ్ళు రాసిపెట్టిన కోడ్, ఆ మాట పక్కనపెట్టి, అన్నిటికన్నా తక్కువ అంకెను అడుగున పెట్టింది. అందుకే ఆ కాస్త తేడాకే గీత నేలకు పడినట్టు కనిపించింది. తప్పు ఆ కోడ్‌దే, మారుస్తానన్నాను.

"పెద్దోళ్ళు రాసిండేది, నువ్వు మార్చేదేందమ్మా?" అన్నాడు సెక్రటరీ.

"తప్పు గీతను నమ్మి ఆమె క్యాన్ వెనక్కి పోనివ్వను" అని, అరుగు మీదే లాప్‌టాప్ తెరిచి ఆ లైబ్రరీ కోడ్ సరిచేశాను. గీత సమంగా వచ్చింది.

"ఇంగ కొలుచుకో అప్పా" అంటూ మునెమ్మ క్యాన్ ముందుకు తోసింది.

నేను దిద్దింది లైబ్రరీ వాళ్ళకు పంపితే, చిన్న విషయం, తర్వాత చూస్తామన్నారు. వెంటనే తిరిగి రాశాను: "క్యాన్ పట్టుకుని మా క్యూలో ఒక్కరోజు నిలబడండి. ఎంత చిన్నదో అప్పుడు చెప్పండి."

– రేవతి, పుంగనూరు