ఏప్రిల్ ఎండలో వాన నీళ్లు

ఆ రోజు పొద్దున టీ ఇంకా పొయ్యి మీద ఉండగానే తమ్ముడు ఫోన్ చేశాడు. తమ్ముడంటే మా పెద్దబాపు కొడుకు. "అక్కా, బాపు పోయిండు" అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిందట. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు. రేపు అమ్మకు డయాలసిస్ ఉంది కదా, దారిలో కారు మొరాయిస్తే ఇక ఎవరికి ఫోన్ చేయాలి అనిపించింది. ఏడుపు ఆ తరువాతే వచ్చింది. ఈ వరుస తలుచుకుంటే తల తీసేసినట్టుగా ఉంది. అందుకే ముందు దాన్నే రాసేస్తున్నాను.

పెద్దబాపు మా నాన్నకు అన్న. సూరత్ వచ్చిన మా వాళ్లంతా సాంచాలనే మరమగ్గాల మీద చీరలు నేస్తుంటే, ఆయన మాత్రం ఆ చప్పుడు పడదని బయటపడి అమ్రోలిలో కార్ల వైరింగు దుకాణం పెట్టుకున్నాడు. గొప్పలు చెప్పుకోవడంలో ఆయనకు సాటి లేరు. "నా చేతికి దొరకని షార్టు సూరత్ల ఇంక పుట్టలే" అనేవాడు. తిట్టకుండా పని మొదలుపెట్టడం ఆయనకు చేతకాదు. బండినీ, బండి తెచ్చినవాణ్నీ, అంతకుముందు దాని వైర్లు ముట్టుకున్నవాణ్నీ వరసగా తిట్టి, అప్పుడు జేబులోంచి టెస్టరు తీసేవాడు.

నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు పడిపోయింది. క్లచ్ తొక్కలేను. "క్లచ్ లేని బండి ఉంటది, నడుపుతవా బిడ్డా?" అని అడిగి, ఎక్కడో మూలన పడి ఉన్న పాత ఆటోమేటిక్ కారు వెతికి తెచ్చింది ఆయనే. నేర్పింది కూడా ఆయనే. ఎడమ సీట్లో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. గేరు ఎప్పుడు మారుతుందో తెలియక నేను అడిగితే, "నన్నెందుకు అడుగుతవ్? బండి ముచ్చట చెప్తాంది, జర విను" అని కసిరేవాడు.

కారెక్కే ముందు చెప్పులు విప్పేవాడు. సాంచా దగ్గర మావాళ్లు ఎవరూ చెప్పులతో నిలబడరు. నేత వదిలినా ఆయన ఆ అలవాటు వదల్లేదు. ఒకసారి చెప్పులు దుకాణం ముందే మరిచిపోయి, ఊరికి అటు చివర ఆల్థాన్‌లో దిగేటప్పుడు చూసుకుని, మండే రోడ్డు మీద గెంతుతూ నన్ను తిట్టాడు.

తరువాత కరోనా వచ్చింది. అమ్మను వారానికి రెండుసార్లు తాపీ నది దాటించి ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఆటోలు లేవు, నా కారే దిక్కు. "ఈమెకు గనక అంటుకుంటే మా చేతుల్లో ఏమీ ఉండదు" అని డాక్టరు ముందే చెప్పాడు. రెండో ఏడు ఏప్రిల్‌లో, జబ్బు ఊరిని ఊడ్చేస్తున్నప్పుడే, కారు పేచీ మొదలుపెట్టింది. వంతెన మీద ఒక్క కుదుపు కుదిపి మూడో గేరులో బిగుసుకుపోయేది. ముందర మీటర్లో దీపం మిణుకుమిణుకుమనేది. ఆగితే మళ్లీ ఈడ్చుకుంటూ తప్ప కదిలేది కాదు. వెనక లారీల హారన్లు, వెనక సీట్లో అమ్మ ఆయాసం.

పెద్దబాపు కారు కింద దూరి, గేర్లు మార్చే కాయిల్స్ ఒక్కొక్కటే మీటరు పెట్టి కొలిచాడు. "గేర్ల పెట్టె మంచిగనే ఉంది. దాని మెదడుకు ఖబర్ పోతలేదు. ఖబర్ రాకుంటే అది భయపడి మూడో గేరు పట్టుకొని కూసుంటది" అన్నాడు. ఎక్కడైనా వైరు తెగితే దీపం వెలుగుతుందని, నన్ను ఇంజను నడపమని వైర్ల కట్టను పొడుగునా కదిలించి చూశాడు. వెలగలేదు. పక్కన కూర్చుని పేటంతా తిప్పించాడు. కారు పెళ్లిచూపుల పిల్లలా బుద్ధిగా నడిచింది. "దీనికి నేనంటే సిగ్గు. నన్ను చూస్తే దాక్కుంటది" అని వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ మూడో గేరే. ప్రతిసారీ అంతే, ఆయన చూసి వెళ్లిన మర్నాడే.

కరోనా మొదలైనప్పటి నుంచీ, ఆయన నా కారు దిగి సందు మలుపు తిరగగానే నేనేం చేసేదాన్నో చెప్పాలి. బ్లీచింగ్ నీళ్ల డబ్బా తీసి, ఆయన కూర్చున్న సీటూ, పాదాలు పెట్టిన చోటూ కడిగేదాన్ని. ఆయన దుకాణానికి అంబులెన్సులు కూడా వచ్చేవి, మాస్కు ఎప్పుడూ గడ్డం కిందే, పైగా ఉత్త కాళ్లు. అమ్మ కోసమే కడిగాను, అందులో అబద్ధం లేదు. ఆయన ఎదురుగా కడగడానికి మాత్రం ముఖం చెల్లేది కాదు.

పేటలో ఎగతాళి మొదలైంది. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది కాకా నీ కథ" అన్నాడు దుకాణం పక్క టీ కొట్టతను. ఆ వారం పెద్దబాపు ఎవర్నీ తిట్టలేదు. "చేతికి ముసల్తనం వచ్చింది బిడ్డా" అని తన వేళ్ల వంక చూసుకున్నాడు. అంత సిగ్గుపడుతున్న ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఒకరోజు పెద్దబాపు అమ్మకు మందులిచ్చి, కారు చూసి వెళ్లినవాడు, టెస్టరు అందులోనే మరిచానని కాసేపటికే తిరిగొచ్చాడు. నేను అప్పుడే కడిగి డబ్బా కారు తలుపు అరలో పెట్టాను. చెప్పులు విప్పి లోపల కాలు పెట్టాడు. తడి తగిలి కాలు అక్కడే ఆగింది. వంగి తివాచీ ఎత్తాడు. దాని కిందే ఉంది గేర్ల మెదడు పెట్టె, పక్కన వైర్ల ప్లగ్గు. రాగి పిన్నులన్నిటికీ పచ్చగా చిలుము. తడిసినప్పుడు ఖబర్ ఆగిపోవడం, ఆరాక మళ్లీ అందడం. ప్లగ్గును వాసన చూశాడు. డబ్బా వంక చూశాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"ఏ గాడిద కొడుకు పెట్టిండు దీన్ని కాళ్లకింద!" అని ఒక్కసారిగా అందుకున్నాడు. కారు తయారుచేసినవాడి ఏడు తరాలనూ తిట్టి, నా వైపు తిరగకుండానే అన్నాడు: "వాన నీళ్లు దిగినయి బిడ్డా. అద్దం రబ్బరు పాతగైంది."

నెలల తరబడి చుక్క వాన లేదు. పిన్నులు కొత్తవి వేశాడు. పెట్టెనూ ప్లగ్గునూ నేలమీంచి తీసి, డ్యాష్‌బోర్డు కింద ఎత్తున పెట్టి, సాంచా మీది నైలాన్ దారంతో బిగించాడు. "నీళ్లు ఇంక ఈడిదాక రావు" అన్నాడు. తరువాత టీ కొట్టతను "ఎండల వానేంది కాకా?" అని నవ్వితే, "నా బిడ్డ బండి మీదనే పడ్డది. నీకేం బాధ?" అన్నాడు. అంత గొప్పల మనిషి, నా కోసం పేటంతా నవ్వుతుంటే భరించాడు.

ఆ తరువాత ఆయన మళ్లీ నా కారెక్కలేదు. "మోకాళ్లు నొస్తున్నయి" అని కిటికీ బయట ఎండలో నిలబడే మాట్లాడేవాడు. అది సాకని నాకు తెలుసు. ఎక్కు పెద్దబాపూ అని ఒక్కసారైనా అనలేదు, ఆ సాకు నాకూ సుఖంగానే ఉండింది.

అస్థికలు తాపీలో కలపడానికి నా కారే తీశాం. తమ్ముడు కుండ ఒళ్లో పెట్టుకుని ఎడమ సీట్లో కూర్చున్నాడు. వాడూ చెప్పులు విప్పే ఎక్కాడు. దారి పొడుగునా గేర్లు మారుతున్నట్టే తెలియలేదు. ఏటి ఒడ్డున వాడు దిగగానే, నా చెయ్యి దానంతటది తలుపు అరలోని బ్లీచింగ్ డబ్బా మీదికి పోయింది. వాడు చూశాడు.

"కడుక్కో అక్కా" అన్నాడు మెల్లగా. "బాపు నీళ్లు అందకుండనే కట్టిండు గద."

వాడు కుండ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. నేను వంగి చూశాను. డ్యాష్‌బోర్డు కింద తెల్ల దారంతో చిన్న నేతముడి, పొడిగా ఉంది. డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది.