ఇంజంక్షన్‌కు మూలార్థం

పెనుకొండ బస్సులో నాకెప్పుడూ ఎండవైపు సీటే దొరుకుతుంది. పంతొమ్మిది వందల యాభైల చివర్లో, బి.ఏ. పాసైన కొత్తలో, ఆ ఊరి కోర్టు నుంచి ఇంజంక్షన్ పట్టుకుని ధర్మవరం వచ్చిన రోజూ అంతే.

పక్కింటి ఓబులేసు వానకు నానిన మా మట్టిగోడ మొదలు పక్కనే మగ్గం గుంట తవ్విస్తున్నాడు. వద్దన్నందుకు నాయనను వీధిలో ఎగతాళి చేశాడు. కాగితం చేతికిస్తే సరిపోయేది, కానీ నా పగ తీరదు కదా. వీధివాళ్లను పోగుచేశాను.

"ఇంజంక్షనంటే హాని ఆపే ఆజ్ఞ, ఓబులేసన్నా. లాటిన్ మూలంలో తగిలించడం. ఎద్దు మెడకు కాడి తగిలించినట్టు."

"ఎద్దు నేనేనా అబ్బా?"

"చెప్తాండా కదా, వినన్నా!"

కూలీలను ఎవరూ ఆపమనలేదు, వాళ్లు తవ్వుతూనే ఉన్నారు. గోడ కూలి మా మగ్గం మీద, సగం నేసిన పెళ్లిచీర మీద పడింది. పగకు ఉపన్యాసం పనికిరాదని అప్పుడు తెలిసింది.

దుమ్ములోంచి బయటికొచ్చిన మా అవ్వ నన్ను చూసింది.

"అంత చదివినావే, 'ఆపండి' అనే మాట ఆడ నేర్పలేదేమిరా?"