కప్పు పిడికి పట్టుదారం

నిప్పు పుట్టిన రోజుకీ, చక్రం దొర్లిన రోజుకీ చరిత్రలో తేదీలు లేవు. బోధనాసుపత్రి సర్జరీ విభాగానికి పెద్ద అయిన ప్రొఫెసరు, టీ కప్పు పిడికి మొదటి ముడి వేసిన రోజుకీ లేదు. పండితులు సిగ్గుపడవలసిన లోపం ఇది. దొరికిన ఆధారాలను బట్టి చెప్పగలిగింది ఇంతే: విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఆయన, ఆపరేషన్ థియేటర్లో మిగిలిన నల్ల పట్టుదారం ముక్కను జేబులో వేసుకుని క్యాంటీనుకు వెళ్ళాడు. టీ చల్లారేలోగా కప్పు పిడికి ఒక ముడి వేశాడు. బాగుందనిపించి దానిమీద ఇంకోటి వేశాడు. అది మొదలు ఆయన తాగిన కప్పు ఏదీ బోడి పిడితో తిరిగి వెళ్ళలేదు.

తొలియుగంలో ఈ ఉద్యమం సొరుగు పిడులకూ, తలుపు గొళ్ళేలకూ పాకింది. పెళ్ళయ్యాక ఇంట్లోనూ అడుగుపెట్టింది. భార్య కూడా అదే ఆసుపత్రిలో డాక్టరు. సర్జన్లు కోసి పంపిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి జబ్బు పేరు చెప్పడం ఆవిడ పని. "ఈయన కోసి పంపడం, నేను చూసి తిట్టడం. మా కాపురమంటే అంతే" అనేది. ఒకనాడు తన కళ్ళజోడు కాడకు నల్లదారం వేలాడటం చూసి తీర్పు చెప్పింది: "ఏమండీ, మీ ముళ్ళు మీ ఆసుపత్రిలో వేసుకోండి. గుమ్మం దాటి లోపలికొచ్చాయా, కత్తెర నా దగ్గరా ఉంది." ఆ ఒప్పందాన్ని ఇరుపక్షాలూ గౌరవించాయి. ఆ విధంగా ముడికి ఆసుపత్రి గది ఒక్కటే దిక్కయింది.

బోధనాసుపత్రిలో మనిషి ఒంటిని అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు పంచుకుంటారు. ఆయనతో చదివినవాళ్ళలో గడుసువాడు గుండె పట్టుకుపోయాడు. మాటకారి గొంతు తీసుకున్నాడు. ఓర్పున్నవాడికి పెద్దపేగు దక్కింది. విందుల్లో అతని పని గురించి ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు, అదో సుఖం. అందరూ ఏరుకోగా మిగిలింది క్లోమం. కడుపు వెనకాల, పిలిచినా పలకనివాడిలా పడుకుని ఉండే గ్రంథి. తిన్నది అరిగించే రసం అందులో ఊరుతుంది. జబ్బు భాగాన్ని కోసేసి, మిగిలిన ముక్కను పేగుకు అతికినచోట ఒక్క ముడి వదులైందా, ఆ రసం బయటికి కారి తిండికి బదులు మనిషినే అరిగిస్తుంది. దాని జోలికి పోవడం తేనెతుట్టెను కదపడమేనని పెద్దలు చెప్పారు. ఆయన సాహసం కొద్దీ కాదు, వేరే ఖాళీ లేక అందులో దిగాడు. దిగినవాడు మునగలేదు. పాతికేళ్ళకు, క్లోమం అంటే ఆయన, ఆయనంటే క్లోమం అన్న స్థితి వచ్చింది.

ఆయనది పుర్రచేతి వాటం. అందుకే ఆయన ముడి అందరి ముడికీ అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. ఆ ముళ్ళను బట్టి విద్యార్థులు వాతావరణం చెప్పేవాళ్ళు. కప్పుకు రెండుంటే ప్రశాంతం. మూడుంటే ఎవరికో మూడినట్టే.

వానలు మొదలైన రోజుల్లో ఆయన ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారాయి. పైకి ఏమీ తెలియదు. పట్టుకున్నది దారమో గాలో వేళ్ళు చెప్పడం మానేశాయి, అంతే. జీవితమంతా "ముందే రావాల్సింది కదయ్యా" అని రోగుల్ని కసిరిన మనిషి ఎవరికీ చెయ్యి చూపించలేదు. డాక్టరుకు జబ్బు చేస్తే ముందు డాక్టర్లనుంచే దాక్కుంటాడు.

"గుండీలు పెట్టుకోడానికి ఇంతసేపా?" అంది భార్య ఓ పొద్దున.

"కొత్త చొక్కా. కాజాలు బిగువుగా ఉన్నాయి."

"ఆ చొక్కా మోచేతి దగ్గర చిరిగితే కుట్టింది నేనే."

ఆవిడ ఆయన చేతివంక చూసింది. అడగలేదు. మెడ దగ్గరి గుండీ తనే పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తన చేతికి తానే న్యాయమూర్తి అయి ఆయనొక పరీక్ష పెట్టుకున్నాడు. పొద్దున టీ తాగి కప్పుకు ముడి వేసి, అది కడగడానికి పోకుండా ఆసుపత్రిలోని తన గది కిటికీలో పెడతాడు. సాయంత్రం వచ్చి గోటితో లాగి చూస్తాడు. ముడి జారితే కత్తి దించేయాలి. జారకపోతే చెయ్యి బాగున్నట్టు. ప్రతి సాయంత్రం ముడి ఇనపగొలుసులా ఉండేది. ఆయన గుండె కుదుటపడేది.

ఆ ధైర్యంతోనే బస్సు డ్రైవరుకు మాట ఇచ్చాడు. డ్రైవరు కళ్ళు పచ్చబడి వచ్చాడు. క్లోమం తలభాగంలో గడ్డ. అతని భార్య మంచం పట్టీ వదలకుండా, "పెద్దసారే చెయ్యాలి బాబూ, ఇంకెవరూ వద్దు" అంది.

"ఊరుకోవే, ఆయన చెయ్యక ఇంకెవరు చేస్తారు" అని డ్రైవరు ఆయనవైపు తిరిగాడు. "నేనెప్పుడూ వేరేవాడు నడిపే బండిలో నిద్రపోలేదు సార్. మీరైతే పడుకుంటా."

"నేనే చేస్తాను" అన్నాడు ప్రొఫెసరు.

ఆపరేషను రేపనగా, సాయంత్రం ఆయన కిటికీలోంచి కప్పు తీశాడు. వాన వెలిసి ఎండ పడుతోంది. గోటితో లాగాడు. ముడి కదల్లేదు. దించబోయి మళ్ళీ ఎత్తి వెలుగుకు పట్టాడు. చాలాసేపు చూశాడు. ముడి తిరగబడి లేదు. అందరి ముడిలాగే ఉంది.

అసిస్టెంటు ప్రొఫెసరును పిలిచాడు. క్లోమం పని ఆయన దగ్గరే మొదటినుంచీ నేర్చుకున్న మనిషి, విభాగంలో అందరికీ చిన్న మేడం. ఆవిడ కప్పు చూడగానే గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇది నాది కాదమ్మాయ్."

"సార్..."

"కుడిచేత్తో వేసింది. నువ్వే కదూ?"

ఆవిడ తల దించుకుంది. "మీరు వేసింది జారిపోయి ఉంటోంది సార్. పిల్లలు చూస్తే ఆసుపత్రంతా చెప్పుకుంటారు. అందుకని మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు..."

"రోజూనా?"

"వానలు మొదలైనప్పట్నుంచీ."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. గురువు పరువు కాపాడదామని ఆవిడ కట్టింది. అది పరువుకు కాదు, ప్రాణానికి పెట్టిన పరీక్ష అని ఆవిడకు తెలియదు. పరీక్ష రాసేది తానూ, పాసయ్యేది ఆవిడా అని ఆయనకు తెలియలేదు.

"లోపల కూడానా?" అని అడిగాడు. లోపల అంటే థియేటర్లో అని కాదు, మనుషుల లోపల.

"ఒక్కసారే సార్. మొన్నటి ముసలమ్మకి. మీ ముడి వదులుగా ఉంటే, మీరు అటు తిరిగినప్పుడు దానిమీద ఇంకోటి వేశాను. ఆవిడ బాగానే ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకెలా చెప్తాం సార్?"

"జారిపోయిందని చెప్తారు" అన్నాడాయన. గొంతు పెంచలేదు. ఆయన అరిచి ఉంటే బాగుండునని ఆవిడకు అనిపించింది. ఆయన కప్పు బల్లమీద పెట్టి, "కప్పుకి వేశావు సరే, నాకు కోపం లేదు. ఆ ముసలమ్మ దగ్గర నోరు విప్పకపోవడం తప్పు. నీదీ, నాదీ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే డ్రైవరు మంచం దగ్గర కూర్చున్నాడు.

"ఇదిగో, నీకిచ్చిన మాట తప్పుతున్నాను. నా చెయ్యి బాగాలేదు. బండి చిన్న మేడం నడుపుతుంది. నేను పక్కనే ఉంటా. వద్దంటే ఇంకో ఆసుపత్రికి నేనే పంపిస్తా."

డ్రైవరు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డ్రైవరు పచ్చటి కళ్ళతో ఆయన చెయ్యి కేసి చూశాడు.

"ఆవిడకి లైసెన్సుందా సార్?"

"నేనే ఇచ్చాను."

"బ్రేకు పడటం లేదని చెప్పి బండి దిగిపోయిన డ్రైవర్ని నేనింతవరకూ చూళ్ళేదు సార్" అన్నాడతను. "అలాగే కానీయండి."

ఆపరేషన్ బల్ల దగ్గర రోగికి కుడిపక్క ప్రధాన సర్జను, ఎడమపక్క సహాయకులు నిలబడతారు. ఆ కుడిపక్కకు చేరడానికి మనిషికి సగం యవ్వనం పడుతుంది. అక్కణ్ణుంచి ఎలా కదలాలో మాత్రం ఏ కాలేజీలోనూ చెప్పరు. ఆయన చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని వచ్చి, ఎవరితోనూ ఏమీ అనకుండా బల్ల చుట్టూ తిరిగి ఎడమపక్క నిలబడ్డాడు. చిన్న మేడం కుడిపక్క ఖాళీ కేసి చూసి కదల్లేదు.

"అక్కడ గోతులేం లేవమ్మాయ్, రా" అన్నాడాయన.

అతుకు దగ్గర ఆవిడ ముడి వేస్తున్నంతసేపూ ఆయన కళ్ళు దారం మీదే ఉన్నాయి. ఒకచోట "ఇంకోటి" అన్నాడు. ఆవిడ వేసింది. ఆయన ఎడమ చెయ్యి బల్ల అంచున, ఆకుపచ్చ గుడ్డమీద, దారం లేకుండానే కాసేపు కదిలి ఊరుకుంది.

ఆ రాత్రి చొక్కా గుండీలు విప్పడానికి భార్యను పిలిచాడు. ఆవిడ విప్పింది. "రేపు చెయ్యి చూపిద్దాం పదండి" అంది. సరేనన్నాడు. చూసిన డాక్టర్లు నరం నొక్కుకుపోయిందన్నారు. పోయిన స్పర్శ తిరిగి రావచ్చు, రాకనూ పోవచ్చునన్నారు.

రాలేదు. డ్రైవరు కోలుకుని మళ్ళీ బస్సు నడుపుతున్నాడు. ప్రొఫెసరు పాఠాలు చెబుతున్నాడు, ఎడమపక్క నిలబడుతున్నాడు. విభాగంలో టీ కప్పులు ఇప్పుడు, ముడి విప్పే పని లేక, తొందరగా కడిగేస్తున్నారు.