కరెంటు పోయినా ఆగని కుట్టుమిషన్లు: గూడూరు నుంచి వడమాలపేటకు

మా చెల్లెలు సుగుణ వడమాలపేటలో కుట్టుమిషన్ల షెడ్డు నడుపుతోంది. బడిపిల్లలకు యూనిఫాంలు కుట్టడం అక్కడి పని. పోయిన ఏడాది వానలు వెలిశాక ఆ షెడ్డు పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టించింది. ఆ సంగతి మా నాయనకు పని పూర్తయ్యాకే తెలిసింది. ఆయన గూడూరు నిమ్మకాయల మండీలో జీవితమంతా బేరాలాడిన మనిషి. తనను ఒక్క మాట అడగకుండా అప్పు తెచ్చి ఎండను నమ్ముకుందని అలిగి, అప్పటినుంచీ చెల్లెలి గడప తొక్కలేదు. ఈ మే నెలలో నేనే పట్టుబట్టాను. "ఒకసారి కళ్లతో చూసి, ఆ తర్వాత తిట్టు నాయనా" అన్నాను. "సరే, చూసే తిడతా" అంటూ చొక్కా తొడుక్కున్నాడు.

గూడూరులో ఉదయం పాసింజరు ఎక్కితే శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి చేరుకోవచ్చు. టికెట్లు ఇద్దరికీ కలిపి యాభై దాటలేదు. తిరుపతి బస్టాండులో ఇడ్లీ తిని పుత్తూరు వెళ్లే పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి నాయనకే తీసుకున్నాను. గంటలోపే వడమాలపేటలో దిగాం. పదకొండుకే రోడ్డు మీద ఎండ కళ్లు తెరవనివ్వడం లేదు.

"యాడికి పోవాలమ్మా?" అని ఆటో అతను అడిగాడు. సుగుణ పేరు చెప్పగానే, "సోలారు షెడ్డా? ఎక్కండి. మా పాప యూనిఫాం ఆడే కుట్టినారు" అన్నాడు.

"నిజంగా ఎండతోనే నడుస్తాదా అప్పా?" నాయన ఆరా తీశాడు.

"పోయి సూడండి పెద్దాయనా. ఊర్లో కరెంటు పోయినా ఆడ మిషన్ల సప్పుడు ఆగదు."

షెడ్డులో ఎనిమిది మోటారు మిషన్లు గలగలలాడుతున్నాయి. సుగుణ నాయనను చూసి కత్తెర పక్కన పెట్టి లేచింది. కుర్చీ తెచ్చి ఫ్యాను కింద వేసి, మజ్జిగ ఇచ్చింది.

ఆమె పడిన బాధ నాకు తెలుసు. షెడ్డు పెట్టిన కొత్తలో సోలార్ కోసం విచారిస్తే, మిషన్లన్నిటి ఖరీదుకన్నా ఎక్కువ చెప్పారు. నవ్వి ఊరుకుంది. కానీ బడులు తెరిచే ముందే పనంతా, కరెంటు కోతలూ అప్పుడే. పోయిన వేసవిలో బట్టలు సమయానికి అందక, ఒక బడివాళ్లు సగం గుడ్డ వెనక్కి తీసుకెళ్లారు. ఆ కోపంతో సోలార్ అమ్మే అతన్ని మళ్లీ ధర అడిగింది. "ఆ యన్న చెప్పింది నమ్మబుద్ధి కాలా. పలకలన్నిటికా, ఒక్క పలకకా అని రెండుసార్లు అడిగినా నాయనా" అంది. ఏళ్లు గడిచేసరికి పలకల ధర అంతగా దిగిపోయింది. పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. ఇప్పుడు కరెంటు బిల్లులో మిగిలే డబ్బుతోనే వాయిదా దాదాపు తీరిపోతోందట.

"వానొస్తే?" అన్నాడు నాయన.

"బ్యాటరీ ఉండాది. రెండు దినాలు ముసురు పడితే మాత్రం మామూలు కరెంటే దిక్కు. అబద్ధం యాలా సెప్పాల?"

అంతలో ఎదురింట్లో టీవీ టక్కున ఆగింది. "కరెంటు పోయిందే!" అని ఎవరో అరిచారు. మా తలమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. మిషన్లు కుడుతూనే ఉన్నాయి. నాయన పైకి చూశాడు, మిషన్లవైపు చూశాడు. లేచి, తువ్వాలు నెత్తిన వేసుకుని ఎదురింటికి వెళ్లి, "నిజంగా పోయిందామ్మా?" అని అడిగి మరీ వచ్చాడు. సుగుణ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన ఆమె పక్కనే నిలబడి, కుట్టిన చొక్కా ఒకటి చేతిలోకి తీసుకుని కాలరు తడిమి, "నన్ను అడిగుంటే వద్దనే వాణ్ణి. అడక్కపోవడమే మంచిదైంది" అన్నాడు. సుగుణ కళ్లు తుడుచుకుంటూ షెడ్డును ఆనుకున్న వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆరోజు సంగటి, శనగకాయల చట్నీ ఆయన రెండుసార్లు పెట్టించుకున్నాడు. తిరుగు బస్సులో పక్కసీటు పెద్దమనిషికి తిరుపతి దాకా మా సుగుణ షెడ్డు గురించే చెప్పాడు.

మే ఎండను తిట్టుకుంటూ పెరిగినవాళ్లం మేము. ఆ ఎండతోనే ఎనిమిది ఇళ్లకు జీతాలందుతున్నాయని, దాన్ని తెచ్చుకున్నది నా చెల్లెలని తలచుకుంటే ఛాతీ ఉప్పొంగుతోంది. మీరూ సోలార్ పెట్టించాలనుకుని ఎక్కడైనా చూడటానికి వెళితే, మిట్టమధ్యాహ్నం వెళ్లి ఊరి కరెంటు వచ్చే మెయిన్ స్విచ్ ఆపించి చూడండి. బ్యాటరీ లేని రకాలు చాలావరకు ఊరి కరెంటు పోగానే తామూ ఆగిపోతాయి. మీకు కోతలే బాధ అయితే, మిషన్ ఆగలేదని చూశాకే ధర మాటెత్తండి.