ట్రైలర్ నాది, గిన్నెలు మా ఆయనవి

ఇక్కడ ఐర్లండ్‌లో, వాటర్‌ఫోర్డ్ దగ్గర సముద్రం పక్కన వీకెండంతా క్యాంపింగ్ చేసి ఇందాకే ఇల్లు చేరాం. మా ఇద్దరికీ పనుల్లో గొడవ లేదు. క్యాంపర్ ట్రైలర్‌ని కారుకి తగిలించడం, విప్పడం నా పని. లోపల పక్కలు మడవడం, గిన్నెలు తోమడం మా ఆయన పని. ఆయన రివర్స్ చేస్తే ట్రైలర్ ఒకవైపు, కారు ఒకవైపు పోతాయి. నేను దుప్పటి మడిస్తే మూటలా ఉంటుంది.

పొద్దున బయల్దేరడానికి కారుని ట్రైలర్ దగ్గరికి రివర్స్ చేస్తున్నాను. పక్క టెంట్‌లో దిగిన తెలుగు అంకుల్ పరిగెత్తుకొచ్చి, "రానీ, రానీ, రైట్ కొట్టు" అంటూ డిక్కీ మీద దబదబా బాదారు. ఇంజన్ ఆపి దిగాను. అంకుల్ నన్ను చూడను కూడా చూడలేదు. సబ్బు చేతులతో నిలబడ్డ మా ఆయనతో అన్నారు:

"ఏంటి బాబూ, అమ్మాయి చేత ఈ పనులేంటి? నువ్వెళ్ళి స్టీరింగ్ పట్టుకో."

"నేనింకా కుక్కర్ తోమాలి అంకుల్," అన్నాడు మా ఆయన.

"మీరు కాస్త పక్కకి జరగండి అంకుల్," అని నేను మళ్ళీ ఎక్కాను. ఒక్కసారికే కారు వెనకున్న ఇనుప గుండు సరిగ్గా ట్రైలర్ కొక్కెం కిందికి వెళ్ళి ఆగింది. తగిలించి, లాక్ వేసి, గట్టిగా లాగి చూశాను. ఇక్కడి ఐరిష్ వాళ్ళు అన్నట్టు, గ్రాండ్.

అంకుల్ మా ఆయన భుజం తట్టారు. "శభాష్, బాగా నేర్పావయ్యా!"

గిన్నెలు సర్దేసి ఇద్దరం కారెక్కాక, కిటికీ దించి, టెంట్లన్నిటికీ వినబడేలా చెప్పాను: "అంకుల్, ఈయనకి కారు నేర్పిందే నేను!" హారన్ కొట్టి మరీ కదిలాను.

మీ ఇంట్లో స్టీరింగ్ ఎవరిది, గిన్నెలెవరివి? మగవాళ్ళు కూడా చెప్పండి, గిన్నెలు తోమాక.