బొటనవేలు తీసి చూడాలి

లిఫ్టు ముందు వరసలో నిలబడ్డా సరే, మోకాళ్ల డాక్టరు కళ్లు మనుషుల మొహాలు వదిలేసి మోకాలి చిప్పల మీదే తిరుగుతుంటాయి. మోకాలి కీలు మార్చే ఆపరేషన్‌కి ముందు, కుట్టుపని చేసే పెద్దావిడ, "చిప్ప కూడా మార్చేస్తావా బాబూ?" అని అడిగింది. "బాగుంటే మీది మీకే ఉంచుతానండీ. తీసి చేతికి మాత్రం ఇవ్వను," అన్నాడు నవ్వకుండా. థియేటర్లో కొత్త కీలు అమర్చాక, అతను వంగి చూస్తుండగా జూనియర్ డాక్టరమ్మ కాలు మెల్లగా మడిచింది. చిప్ప జారకుండా బొటనవేలు ఆనించింది.

"వేలు తియ్యమ్మా. ఆవిడతోపాటు నీ వేలు కూడా ఇంటికి పంపుతామా?"

వేలు తీయగానే చిప్ప పక్కకి ఒరిగింది. అతనికి విసుగు రాలేదు, కుతూహలం పెరిగింది. చిప్పని లాగుతున్న బయటి వైపు బిగువు కాస్త సడలించి, మళ్లీ మడవమన్నాడు. ఈసారి చిప్ప తన గాడిలో తనే దిగి, తనే ఎక్కింది. ఏడుసార్లు మడిపించాడు. చివరి అయిదూ కేవలం చూసుకోవడానికే.

మర్నాడు వాకర్‌తో నడుస్తూ పెద్దావిడ ఒక్క క్షణం తడబడింది. అతని చెయ్యి ఆవిడ మోచేతి దాకా వెళ్లి ఆగిపోయింది.

"పట్టుకో నాయనా, అలా చూస్తావేంటి?"

అతను చెయ్యి వెనక్కి తీసుకుని, బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు. ఆవిడ తిట్టుకుంటూనే తరవాతి అడుగు వేసింది.